మా మనుమరాలి పేరు

మాఘ పూర్ణిమనాడు మా యింట మనుమరాలు పుట్టినది. నక్షత్రము మఖ గనుక పేరు మకారముతో మొదలగుట మేలని పురోహితులు చెప్పిరి. ఆ మాట వినుటతోడనే మాకును మా వారికిని ఒకే పేరు మనసున మెదలినది. మా వారి ముత్తవ్వ మహాలక్ష్మమ్మగారు కఱవు రోజులలో అరుగుమీద గంజికుండ పెట్టించిన యిల్లాలు. ఆమె పేరు నిలుపవలెనని పెద్దలు తలచుటయు, ఆడుపిల్ల పుట్టకయో నక్షత్రము కలియకయో ఆ కోరిక తప్పిపోవుటయు మూడు తరములుగా జరుగుచు వచ్చినది. ఇన్నాళ్లకు నోచుకొంటిమి గదా యని వెండిపళ్లెము తోమించి, బియ్యము ఏరించి, బారసాలకు 21వ నాడు నిశ్చయించుకొంటిమి.

కోడలి యుద్యోగము ఈ యూరనే గనుక ఆమె పురిటికి పుట్టింటికి పోలేదు. వియ్యపురాలే గుంటూరునుండి వచ్చి తోడుండిరి. ఆసుపత్రినుండి ఇల్లు చేరిన మూడవనాటి సాయంకాలము కోడలు బిడ్డకు పాలిచ్చుచు, తల యెత్తకయే, మెల్లగా అనెను.

"అత్తయ్యా, పాపకు మధురవాణి అని పెట్టాలని ఉందండీ."

మేము చేతిలోని కాఫీ గ్లాసు క్రింద పెట్టితిమి.

మేము నివసించునది విజయనగరము. వేఱొక యూరివారికి అది చెవికింపైన పేరు మాత్రమే కావచ్చును. ఇచ్చట అట్లు కాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో మొదట ఆడబడినది ఈ యూరనే. ఆయన కాపురమున్న యిల్లు ఆయన జ్ఞాపకార్థము నేటికిని నిలిచియున్నది. నాటకపు మొదటి రంగము జరిగిన బొంకులదిబ్బమీదుగా మేము ఎన్నిమాఱులు నడచితిమో లెక్కలేదు. మధురవాణి యనగా ఇచ్చట చిన్నపిల్లలకు సైతము తెలియును. గిరీశము ఉంచుకొనిన వేశ్య. రామప్ప పంతులు వెంట రామచంద్రపురము అగ్రహారమునకు తరలిపోయిన వేశ్య.

ఇక మా సంగతి. సోదరీమణుల యెదుట దాచి ప్రయోజనము లేదు. కన్యాశుల్కమును మేము మొదట చదివినది పెండ్లికి ముందు. ఆ తరువాత 40 ఏండ్లలో ఎన్నిసార్లు చదివితిమో చెప్పలేము. ఒకప్పుడు స్త్రీల సమావేశమొకదానిలో మధురవాణిని గూర్చి అరగంట మాటలాడితిమి. ఆ నాటకములో వంచకులు కాని మగవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చుననియు, ఒక పసిపిల్లను ముసలివానికి అమ్ముట తప్పించుటకు పూనుకొన్న యిద్దఱు ముగ్గురిలో తెలివి మిక్కిలి గలది ఆమెయే యనియు చెప్పితిమి. అందఱును చప్పట్లు కొట్టిరి. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకంటె, అప్పారావుగారు 1909లో తిరుగవ్రాసిన కూర్పులో ఆమె పాత్ర ఎంత పెరిగినదో కూడ ఉదాహరణములతో చూపితిమి. ఇదంతయు ఇతరుల యెదుట. మా మనుమరాలి ఉయ్యాల ప్రక్కన ఆ పేరు వినబడినప్పుడు మాత్రము మాకు నోట మాట రాలేదు. "ఆలోచించుదామమ్మా" అంటిమి. మా యింట ఆ మాటకు వద్దని యర్థము. కోడలికి అది తెలియును.

వియ్యపురాలు మావలె నాన్చువారు కారు. వంటయింట వంకాయలు తఱుగుచు మాతో అనిరి. "వదినగారూ, దానికి పుస్తకాల పిచ్చి. మీరైనా చెప్పండి. రేపు బడిలో ఎవరో ఒకరు ఆ మాట అంటారు, పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికొస్తుంది. అప్పుడు దానికి గురజాడవారి గొప్పతనం చెప్పి ఊరుకోబెడతామా? పేరు అమ్మానాన్నల ముచ్చట కోసం కాదండీ, మోసేదాని కోసం."

ఈ మాటకు మా యొద్ద జవాబు లేకపోయెను. ఇప్పటికిని లేదు.

కోడలు మాత్రము తల్లితో చాల వాదించెను. అప్సరసలు దేవలోకపు వేశ్యలే గదా, మేనక యనియు ఊర్వశి యనియు పిల్లలకు పెట్టుకొనుట లేదా యని యడిగెను. పెద్దన మనుచరిత్రములోని వరూధిని పరపురుషుని తానే వలచి, తానే చేయిపట్టిన స్త్రీ. ఆ పేరుగల ముత్తైదువలు ఎందఱు లేరు? వ్యాసభారతములో లేని శశిరేఖను మన కథకులు అభిమన్యునకు పెండ్లికూతునుగా కల్పించుకొనిరి. 1957 నాటి మాయాబజారు చిత్రము తరువాత ఆ పేరు వినినవారు పురాణమా కల్పనమా యని విచారింతురా? ఇట్లు సాగినది. వాదములో కోడలిదే పైచేయి. అయినను వాదములో గెలుచుట వేఱు, తల్లి మనసు కరగించుట వేఱు. "వాళ్లంతా వందల ఏళ్ల కిందటి వాళ్లే. మైల కడిగేసుకుపోయింది. నీ మధురవాణికి ఇంకా నిండా నూట ఇరవై ఏళ్లు దాటి ఎంతో కాలేదు" అని వియ్యపురాలు తేల్చివేసిరి. ఆమెకు సాహిత్యము తెలియదని యెవరనగలరు?

మా కుమారునకు ఈ చర్చ యంతయు వింత. వాడు ఎఱిగిన మధురవాణి 2018లో వచ్చిన మహానటి చిత్రములోని పాత్రికేయురాలు. సమంత ధరించిన ఆ పాత్రకు మాట తడబడును, పేరేమో మధురవాణి. సావిత్రి జీవితమును వెదకుచు పోవునది ఆ పిల్ల. 1955 నాటి కన్యాశుల్కము చిత్రములో మధురవాణి వేషము ధరించినదే సావిత్రి యని మేము చెప్పగా వాడు ఆశ్చర్యపడి, "అయితే మా తరానికి ఆ పేరు కడిగేసినట్టే కదమ్మా" అనెను. కావచ్చును. కాని వాని తరమువారే గదా బడులలో చాడీలు చెప్పు పిల్లల తల్లిదండ్రులు!

ఒకనాటి రాత్రి బిడ్డ నిద్రపోవక యేడ్చుచుండగా మేమును కోడలును చెఱియొక వైపు కూర్చుంటిమి. అప్పుడు ఆమె అసలు కారణము చెప్పినది. కళాశాలలో చదువునాడు ఆమె మధురవాణి వేషము కట్టినదట. అంతకు ముందు నలుగురి యెదుట నిలిచినచో ఆమెకు గొంతు పెగలెడిది కాదట. సౌజన్యారావు పంతులు ఇంటికి మధురవాణి మగవేషముతో వచ్చు రంగము. వేశ్యల మొగము చూడనని వ్రతము పట్టిన పెద్దమనిషి యెదుట ఆమె తాపీగా కూర్చుండి మాటలాడును. తనకు కావలసిన మూల్యము అడుగును. ఆయన ఇయ్యబోవునప్పుడు, చెడనివారిని చెఱుపవలదని తల్లి చెప్పిన మాట తలచుకొని తానే వెనుకకు తీయును. "ఆ రంగం ఆడుతున్నంతసేపూ నాకు ఎవరూ కనపడలేదత్తయ్యా. భయం కూడా కనపడలేదు. దీనికి నేను ఏం ఇవ్వగలనో తెలియదు. అది ఇవ్వాలనిపించింది" అనెను. చీకటిలో ఆమె మొగము మాకు కనబడలేదు.

మా మనసు అటు పూర్తిగా మఱలినదని చెప్పజాలము. అందువలన తప్పించుకొను దారి వెదకితిమి. దొరికినది కూడ. పొరుగింటి వారొకరు తెలుగు అధ్యాపకులుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నారు. మా చిక్కు విని ఆయన నవ్వి, "దీని కింత చింత యేల? తంజావూరు రఘునాథనాయకుని కొలువులో మధురవాణి యను కవయిత్రి యుండెను గదా! రామాయణమును సంస్కృతమున కావ్యముగా వ్రాసిన విదుషి. 17వ శతాబ్దపు ఆరంభము. ఆమె పేరు పెట్టితిమని చెప్పుడు, ఎవరు కాదందురు?" అనిరి. మాకు ప్రాణము లేచివచ్చినట్లయ్యెను. రామాయణకర్త్రి! వియ్యపురాలితో చెప్పగా ఆమెయు వంకాయల కత్తి దించి, "ఆ మాట ముందే చెప్పకూడదూ" అనిరి. అందఱమును కలిసి కోడలియొద్దకు పోతిమి.

కోడలు సావధానముగా వినెను. "ఆవిడ గొప్పదేనండి. కానీ నేను తలుచుకున్నది ఆవిణ్ణి కాదు. దీని పేరు చెప్పిన ప్రతిసారీ ఒక అబద్ధం చెప్పాలా? అబద్ధమైతే మహాలక్ష్మి అనే పెట్టేద్దాం. కనీసం అది నిజంగా మీ ఇంటి పేరు" అనెను. మేము సిగ్గుపడితిమి. వియ్యపురాలు మరల వంటయింటికి పోయిరి.

మా యత్తగారిని గూర్చి ఇంతవఱకు చెప్పలేదు. ఆమెకు 86 ఏండ్లు. చూపు ఆనదు, చెవులు మాత్రము మా యందఱికంటె పదును. రెండు గదులకు ఆవల నడచుచున్న ఈ వాదములన్నియు వినుచునే యుండెను. నాలుగవనాడు మమ్ము పిలిచి, "ఏవిటే ఈ మధురవాణి? మీరంతా దాన్ని చూసినట్టే మాట్లాడుతున్నారు. ఆ పుస్తకం నాకు చదివి వినిపించు" అనిరి. అట్లు మా యింట పురిటి రోజులలో కన్యాశుల్క పారాయణము మొదలైనది. మధ్యాహ్న భోజనములైన పిమ్మట బిడ్డను ఒడిలో నిడుకొని, అత్తగారి మంచము ప్రక్కన కూర్చుండి చదివెడివారము. అది చాల పెద్ద నాటకము. రోజునకు గంట చొప్పున చదివినను తెమలదు.

ఆమె వినుట మా వినుటవంటిది కాదు. గిరీశము మాటలకు మేమందఱము నవ్వు చోట ఆమె నవ్వలేదు. "ఇలాంటి వాళ్లని చూశాను" అని యూరకుండిరి. పెండ్లికూతునకు అలంకారముగా మధురవాణి కంటె యెరువు పోయిన ఘట్టము రాగానే మాత్రము లేచి కూర్చుండిరి. "బంగారం ఇచ్చిందా? తనదే? పక్కింటి పెళ్లికి?" అని మూడుమాఱులు అడిగిరి. అది మొదలు ప్రతిదినమును పుస్తకము తెఱచుటకు ముందే, "కంటె వచ్చిందా?" అని ప్రశ్న. మధురవాణి ఏ వృత్తి చేయునో మేము రెండవనాడే చెప్పితిమి. దానికి ఆమె తల పంకించిరే కాని ఏమియు అనలేదు.

ఒకనాడు అత్తగారు కునుకుపాటున ఉండగా మేము పుస్తకము ముందున్న పీఠిక తిరుగవేయుచుంటిమి. మొదటి కూర్పునకు అప్పారావుగారు ఆంగ్లమున వ్రాసిన పీఠిక యది. విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల పట్టికను మహారాజావారు తయారుచేయించిన సంగతి అందు కలదు. లెక్కకు వచ్చినవి 1,034. ఐదేండ్ల వయసున పెండ్లియైన పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆఱుగురు, ఒక యేటి పసిబిడ్డలు ముగ్గురు. ఆ పసిబిడ్డలకు పలికిన వెల 350 మొదలు 400 రూపాయలు. ఈ లెక్కలు మేము ఎఱుగనివి కావు; మా యుపన్యాసములో కూడ వాడుకొంటిమి. కాని అప్పుడు మా చేతులలో బిడ్డ లేదు. ఇప్పుడు పదునైదు దినముల బిడ్డ మా వ్రేలు పట్టుకొని నిద్రపోవుచుండెను. ఆ ముగ్గురికిని పేర్లుండియుండును గదా యని తోచినది. బారసాలలు చేసియుందురు. బియ్యములో వ్రాసియుందురు.

ఆ మఱునాడు బుచ్చమ్మ ఘట్టము. అగ్నిహోత్రావధానులు పెద్దకూతురు, బాలవితంతువు. మేము చదువుచుండగా అత్తగారు చేయి యెత్తి ఆపుమనిరి. కొంతసేపటికి చెప్పిరి.

"మా మేనత్త ఉండేది. మా నాన్నకు పెద్దక్క. ఐదో ఏట పెళ్లి, ఎనిమిదో ఏట ఆయన పోయాడు. అమ్మేశారు దాన్ని. ఆ డబ్బుతోనే మా తాత చెరువు కింద పొలం కొన్నాడు. ఆ గింజలు తిని నేను పెరిగాను. పెరటి కొట్టుగదిలో ఉండేది, గుండు చేయించుకుని. మా అందరికీ ఆవిడే తల దువ్వేది. ఇంట్లో ఎంతమంది ఆడపిల్లలు పుట్టారో! తాతమ్మ పేరు పెట్టారు, అమ్మమ్మ పేరు పెట్టారు, దేవతలందరి పేర్లూ పెట్టారు. ఆవిడ పేరు ఒక్కరికీ పెట్టలేదు. ఎవరు పెడతారు?"

మేము ఆ యింటికి వచ్చి 40 ఏండ్లు దాటినవి. ఆ మేనత్త సంగతి మాకు అదియే మొదటిసారి వినుట. పేరేమని యడిగితిమి. చెప్పిరి. ఆ పేరు ఇచ్చట వ్రాయము.

ఇంతలో మఱియొకటి జరిగినది. మా వీథి చివర వీణ నేర్పు పెద్దావిడ యొకరున్నారు. 1919లో స్థాపింపబడి, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులుగా నుండిన సంగీత కళాశాలలో చదువుకొన్నవారు. మా కోడలు క్రొత్తగా కాపురమునకు వచ్చినప్పుడు రెండేండ్లు ఆమెయొద్ద నేర్చుకొనెను. బిడ్డను చూచి పోవుటకు వచ్చి, పేరేమనుకొనుచున్నారని అడిగిరి. కోడలు ఉత్సాహముతో చెప్పెను. ఆమె "బాగుందమ్మా" అని చిఱునవ్వుతో అని, బిడ్డ చేతిలో నూఱు రూపాయలుంచి లేచిరి. వీథి గుమ్మము వఱకు సాగనంపబోయితిమి. మాకు తోచని తొందరపాటున, "మీకేమనిపించినది, టీచరుగారూ?" అని యడిగితిమి. చెప్పులలో కాలు పెట్టినది మరల తీసి, అరుగుమీద కూర్చుండిరి.

"మా అమ్మమ్మది కలవంతుల ఇల్లని మీకు తెలుసు కదమ్మా. గుళ్లోనూ పెళ్లిళ్లలోనూ మేళం కట్టేవారు. 1947లో చట్టం వచ్చి గుడికి పిల్లల్ని ఇవ్వటం మానిపించింది. మంచిదే. మా అమ్మకు మా అమ్మమ్మ ముచ్చటపడి ఒక రాగం పేరు పెట్టుకుంది. బడిలో వేసేటప్పుడు పేరు చెప్పగానే అక్కడున్న పెద్దమనిషి ఇంటిపేరు అడగలేదు, తండ్రి పేరూ అడగలేదు. నవ్వాడు. మా అమ్మమ్మ అప్పటికప్పుడే ఇంకో పేరు రాయించేసింది. ఆ తరవాత మా ఇంట్లో పుట్టినవాళ్లందరికీ దేవతల పేర్లే. నా పేరు వింటే ఎవరూ రెండోసారి తలెత్తి చూడరు. అలా చూడకూడదనే పెట్టారు."

కొంచెము ఆగి మరల అనిరి. "మీ ఇంటి పిల్లకు ఆ పేరు పెడితే సాహిత్యాభిమానం అంటారు. మా ఇంటి పిల్లకు పెట్టి ఉంటే అలా అనేవారా?"

"అయితే వలదందురా?"

"నన్ను అనుమతి అడగకండమ్మా. ఇవ్వటానికి అది నా సొత్తు కాదు." అట్లు చెప్పి, చెప్పులు తొడుగుకొని పోయిరి. కోపముతో చెప్పినది కాదు. వానవచ్చునేమో చూచుకొనుడని చెప్పినట్లు చెప్పిరి.

మేము అరుగుమీదనే కూర్చుండిపోతిమి. 40 ఏండ్లుగా మధురవాణి పక్షమున మాటలాడుచున్నామని గర్వించితిమి గదా! ఆ నాటకపు చివర గుర్తునకు వచ్చినది. గిరీశమును చదువుకొమ్మని పంపుదురు. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయమునకు పంపుదురు. మధురవాణి చేతిలో సౌజన్యారావు పంతులు భగవద్గీత పెట్టును. ఆ పుస్తకము పట్టుకొని ఆమె ఎవరింటికి పోయినది? ఎన్నిమాఱులు చదివినను మాకు ఈ ప్రశ్న తోపలేదు. టీచరుగారి అమ్మమ్మకు తోచియుండును.

ఆ రాత్రి కోడలికి ఉన్నదున్నట్లు చెప్పితిమి. ఆమె ఏడ్చెను. బాలింతరాలిని ఏడిపించితివని మా వారు మమ్ము కోపపడిరి. రెండు దినములు ఇంట పేరు మాట ఎవరును ఎత్తలేదు. మూడవనాడు కోడలు బిడ్డను వియ్యపురాలి కిచ్చి, తానే వీథి చివరకు నడచిపోయి వచ్చెను. అచ్చట ఏమి మాటలాడుకొనిరో మేము అడుగలేదు, ఆమెయు చెప్పలేదు. రాగానే, "అదే పేరు పెడదామండి. కానీ దీనికి బుద్ధి వచ్చాక అంతా చెప్పాలి. సినిమా సంగతి చెప్పి వదిలెయ్యకూడదు. టీచరుగారి అమ్మ సంగతి కూడా చెప్పాలి. నేను మరిచిపోతే మీరు చెప్పండి" అనెను. మేము సరేనంటిమి. ఈసారి సరే యనగా సరే యనియే. వియ్యపురాలు చాలసేపు మౌనముగా నుండి, "నేను మాత్రం వాణీ అనే పిలుస్తాను, ముందే చెబుతున్నా" అనిరి.

బారసాలనాడు వెండిపళ్లెములో బియ్యము పఱచి, మా కుమారుడు బంగారుటుంగరముతో మాసనామము, నక్షత్రనామము వ్రాసెను. మహాలక్ష్మి యని మా వారు చెప్పగా అదియు వ్రాసెను. తరువాత మధురవాణి. పురోహితులకు ఈ యూరే యయ్యు, కనుబొమ యెత్తక, "శుభం" అనిరి. అందులకు ఆయనకు మేము లోలోపల నమస్కరించితిమి. పళ్లెము తీయబోవుచుండగా కుర్చీలోనుండి మా యత్తగారు, "ఆగు, ఇంకోటుంది" అని, ఒక పేరు చెప్పిరి. మా కుమారుడు బియ్యము సరిచేసి అదియు వ్రాసెను. అది ఎవరి పేరని యెవరును అడుగలేదు. పిండివంటల వేళ యగుచుండెను; అడుగుటకు తీరికయు లేదు.

టీచరుగారు ఆలస్యముగా వచ్చిరి. వచ్చినవారు ఒక్కొక్కరే ఉయ్యాల వంగి చూచి, మధూ యనియు వాణీ యనియు బిడ్డను పిలుచుచుండిరి. ఆమె మాత్రము పేరును విఱువక, సాగదీయక, పూర్తిగా పిలిచిరి.

సోదరీమణులకు ఉపయోగించునను తలంపుతో ఒక మాట. జననమును 21 దినములలో నమోదు చేయింపవలెను. అప్పటికి పేరు నిశ్చయము కాకున్నను తొందరపడ నక్కఱలేదు. పేరు లేకయే నమోదు చేయించి, 12 నెలలలోపల రుసుము లేక పేరు చేర్పించుకొనవచ్చును. కాని చేర్పించునప్పుడు అక్షరములు ఒకటికి రెండుమాఱులు చూచుకొనుడు. 2023 అక్టోబరు 1వ తేదీనుండి పుట్టిన బిడ్డలకు బడిలో చేరుట మొదలు ఓటరు జాబితా, పాస్‌పోర్టు వఱకు ఆ జనన ధ్రువపత్రమే ఆధారము.

మేము పోయిననాడు కార్యాలయములోని యువతి మధుర యని యొక మాటగను, వాణి యని యొక మాటగను కొట్టినది. రెండును కలిసియుండవలెనని చెప్పితిమి. ఆమె దిద్దుచు, "మహానటిలో సమంత పేరు కదండీ ఇది? నాకు భలే ఇష్టం" అనెను. కోడలు నోరు తెఱచెను. 1892 మొదలుకొని చెప్పబోవుచున్నదని గ్రహించి, వెనుక నిలిచిన పది మందిని చూపి, మేము ఆమె చేయి నొక్కితిమి. "అవునమ్మా, ఆ పేరే" అంటిమి. దారి పొడుగునను కోడలు మాతో మాటలాడలేదు.

ఇల్లు చేరి పత్రమును అత్తగారి చేతిలో పెట్టితిమి. ఆమె చదువజాలరు, వ్రేళ్లతో కాగితము అంచులు తడవి చూచి, "రాశారా?" అనిరి. వ్రాసిరంటిమి. బారసాల సందడిలో పుస్తకము పది దినములుగా మూలబడియున్నది. చివరి యంకము ఇంకను చదువలేదు.

"అయితే కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చో. ఆ కంటె సంగతి ఇంకా తేల్చలేదు నువ్వు" అనిరి.